రీతన్ పడవలో బైంతా చోటు

ఫారో దీవుల్లో వేసవి వచ్చిందంటే ఊరూరా పడవ పందేలే. తైస్తవిక్ ఊరి ఆడపిల్లల పడవ పేరు రీతన్. అందులో ఆరుగురు తలా ఒక తెడ్డు పట్టుకుని, పడవ వెళ్లే దిక్కుకి వీపు పెట్టి కూర్చుంటారు. వాళ్లకెదురుగా వెనక అంచున చుక్కాని పట్టుకుని కూర్చునే మనిషి సామల్. అతనికి అందరికంటే దగ్గరగా కూర్చున్న పిల్ల తెడ్డు ఎలా వేస్తే మిగతావాళ్లూ అలాగే వెయ్యాలి. పడవ వేగమంతా ఆ చోటునుంచే పుడుతుంది. కొన్నేళ్లుగా ఆ చోటు బైంతాది.

బైంతాకి ఇరవై మూడేళ్లు. సామల్‌కి అన్న కూతురు. పొడుగు మనిషి, వెడల్పాటి భుజాలు, నోరు కూడా కాస్త పెద్దదే. పగలు సాల్మన్ చేపలు కోసే ఫ్యాక్టరీలో పని, సాయంత్రం పడవ. తండ్రి ఏడాదిలో సగం గ్రీన్‌లాండ్ వైపు చేపల ఓడలోనే ఉంటాడు కాబట్టి ఇంట్లో తనూ, తల్లి ఎల్స్‌పా. కిందటేడు రాజధానిలో జరిగే ఓలాఫ్ పండగ పందెంలో రీతన్ వెంట్రుకవాసిలో ఓడి రెండో స్థానంలో వచ్చింది. ఈసారి గెలవకపోతే తన తెడ్డు పొయ్యిలో పెడతానని బైంతా ఊరంతా చెప్పుకు తిరిగింది.

వసంతం మొదట్లోనే ఒంట్లో ఏదో తేడా చేసింది. పొద్దున లేవగానే తల పగిలిపోయేది. ఒకరోజు సింకులో వాంతి చేసుకుంటుంటే ఎల్స్‌పా వెనక వచ్చి నిలబడింది.

"ఎవడే వాడు?"

"ఎవడేంటమ్మా?"

"నాకు తెలీదనుకోకు. నువ్వు కడుపులో ఉన్నప్పుడు నేనూ ఇలాగే సింకు పట్టుకుని వేలాడాను."

"ఏడాదైంది నేనొక మగాడి పక్కన కూర్చుని కాఫీ తాగి. నా వాంతులు నన్ను చేసుకోనీ."

ఫ్యాక్టరీలో ఎడమచేతిలోంచి చేప జారిపోవడం మొదలైంది. పడవలో ఆ చెయ్యి ఒక రవ్వ ఆలస్యంగా కదిలేది. "ఏమే, నిద్రపోతున్నావా?" అని సామల్ అరిచేవాడు. చలికేమో అనుకుంది, నిద్ర చాలకేమో అనుకుంది. ఒక సాయంత్రం రేవు దాటి బయటికొచ్చాక ఎడమచెయ్యి దానంతటదే కొట్టుకోసాగింది. ఎవరిదో చెయ్యి అన్నట్టు దానికేసి చూసింది. తెడ్డు జారి వెనక కూర్చున్న పిల్ల మోకాళ్లకి తగిలింది. ఆ పిల్ల కేక పెట్టడం వరకే గుర్తు. తర్వాత కళ్లు తెరిచేసరికి ఒడ్డున రాళ్ల మీద పడి ఉంది. నోట్లో రక్తపు రుచి, తల కింద సామల్ స్వెట్టరు.

రాజధాని తోర్స్‌హవన్ ఆసుపత్రిలో స్కాన్ తీశారు. డాక్టరమ్మ తెర మీద బొమ్మ చూపించి నెమ్మదిగా చెప్పింది.

"మెదడు కుడిపక్క, పై పొరని అంటుకుని ఒక కణితి పెరిగింది. దాదాపు కోడిగుడ్డంత ఉంది."

"కుడిపక్క ఉంటే ఎడమచెయ్యి ఎందుకు కొట్టుకుంది?"

"ఎడమచేతిని నడిపేది కుడిపక్క మెదడే. దీన్ని తియ్యాలి. ఇక్కడ కాదు, కోపెన్‌హాగన్ వెళ్లాలి. ఎలాంటి కణితో తీశాకే కచ్చితంగా తెలుస్తుంది."

బైంతా కాసేపు బొమ్మకేసి చూసి, "పందేల లోపల లేచి తిరుగుతానా?" అంది.

డాక్టరమ్మ ఎల్స్‌పా వైపు చూసింది. ఎల్స్‌పా కిటికీలోంచి కార్లు నిలిపే చోటుకేసి చూస్తోంది. ఆమె భుజాలు కదులుతున్నాయి.

ప్రయాణానికి ముందు సామల్ ఇంటికొచ్చాడు. ఎండబెట్టిన గొర్రెమాంసం ముక్క తెచ్చి బల్ల మీద పెట్టి, టోపీ తియ్యకుండా కూర్చున్నాడు.

"బాబాయ్, నా చోట్లో ఎవరు?"

"ముందు నీ తల సంగతి చూసుకోవే."

"నా తల డాక్టర్లు చూసుకుంటారు. చోటు సంగతి చెప్పు."

"ఎవరో ఒకరు కూర్చుంటారు. ఖాళీగా ఉంచితే పడవ గుండ్రంగా తిరుగుతుంది," అన్నాడు సామల్. ఆ హాస్యానికి తనే నవ్వలేకపోయాడు.

ఆ ఎవరో ఒకరు ఎవరో బైంతాకి కోపెన్‌హాగన్ ఆసుపత్రి మంచం మీద తెలిసింది. మర్నాడు ఆపరేషన్. ఫోన్లో ఎవరో పెట్టిన ఫొటో వచ్చింది. రేవులో రీతన్, సామల్ ఎదురుగా బైంతా చోట్లో తూరి. సామల్ సొంత కూతురు, పంతొమ్మిదేళ్ల పిల్ల. నిన్నమొన్నటిదాకా పడవ మధ్యలో కూర్చుని "అక్కా, కొంచెం మెల్లిగా వెయ్యవే" అని బతిమాలిన పిల్ల. ఫొటోలో పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతోంది.

బైంతా కడుపులో భగ్గుమంది. అప్పటిదాకా ఆమెకి భయం వేసిన మాట నిజం. తల కోస్తారు, లేస్తానో లేదో, లేచినా నేను నేనుగా లేస్తానో లేదో అని రోజంతా నోరెండిపోయింది. ఈ ఫొటో చూశాక ఆ భయం ఎటుపోయిందో తెలీదు. కన్న కూతుర్ని కూర్చోబెట్టుకున్నాడు చూశావా, ఎప్పట్నించి కాచుకుని ఉన్నాడో, ఇది చూడు ఎలా ఇకిలిస్తోందో. రక్తపోటు చూడ్డానికొచ్చిన నర్సు అంకె చూసి ముఖం చిట్లించి మళ్లీ చూసింది.

"భయంగా ఉందా?" అని అడిగింది.

"లేదు. మంటగా ఉంది," అంది బైంతా. నర్సు ఎక్కడ మంట అని అడిగితే చెప్పలేదు.

ఆపరేషన్ బాగానే జరిగింది. అది క్యాన్సర్ కాదని తేలింది. ఒక పెద్ద రక్తనాళాన్ని అంటుకున్న చిన్న ముక్క తప్ప మిగతాదంతా తీసేశామని, ఆ ముక్కని ఏటేటా స్కాన్ చేసి కనిపెట్టి ఉంటామని సర్జన్ చెప్పాడు. ఎల్స్‌పా ఆయన చెయ్యి పట్టుకుని ఊపుతూనే ఉంది, వదలదు. బైంతా మాత్రం దుప్పటి మీదున్న తన ఎడమచేతికేసి చూస్తోంది. వేళ్లు ముడవమంటే బొటనవేలు ఒక్కటే కదిలింది. కొంత తిరిగొస్తుందని, ఎంతో చెప్పలేమని అన్నారు.

అప్పట్నించి బైంతాకి లోకంలో చేతులు తప్ప ఏమీ కనపడలేదు. పక్క మంచం మీద సీసెల్ అనే డేనిష్ పిల్లకీ ఇలాంటి ఆపరేషనే అయింది. ఆ పిల్ల లేచి కూర్చుని రెండు చేతులతో జడ అల్లుకుంటుంటే బైంతాకి మొహం తిప్పుకోవాలనిపించింది. ఎల్స్‌పా కుర్చీలో కూర్చుని ఊలు అల్లుతుంటే ఆ సూదుల చప్పుడు కూడా భరించలేకపోయింది.

"అమ్మా, అది అవతల పెట్టవూ."

"నీకేనే, తలకి టోపీ."

"నాకొద్దు. నీ వేళ్లు అలా ఆడుతుంటే నాకు కొట్టాలనిపిస్తోంది."

ఎల్స్‌పా అల్లికని సంచిలో పెట్టేసింది. ఒక్క మాటా అనలేదు. అలా అననందుకు బైంతాకి ఇంకా ఒళ్లు మండింది.

ఇంటికొచ్చేసరికి జూన్ వచ్చింది. తల సగం గొరిగి ఉంది. చెవి ముందునుంచి నడినెత్తిదాకా గాటు. మందులకి మొహం ఉబ్బిపోయింది. ఊళ్లో అందరూ కేకులు తెచ్చారు, గొంతులు తగ్గించి మాట్లాడారు. చంటిబిడ్డతో మాట్లాడినట్టు, "ఎలా ఉన్నావమ్మా బంగారం" అన్నారు. ఫ్యాక్టరీలో ఆమెని బూతులు తిట్టే సూపర్‌వైజరు కూడా పువ్వులు పంపించాడు. నాలుగడుగులు వేస్తే నిద్ర ముంచుకొచ్చేది. కారు నడపకూడదు. ఏళ్లతరబడి కాసిన అరచేతి కాయలు మెత్తబడి, పొరలు పొరలుగా ఊడిపోతున్నాయి. కిటికీ దగ్గర కూర్చుని ఆ చర్మం గిల్లుకుంటూ రేవులోకి చూసేది. రోజూ సాయంత్రం రీతన్ బయటికి వెళ్లేది.

ఒకరోజు తూరి పుల్లటి రూబార్బ్ కాడలు వేసిన కేకు తీసుకుని వచ్చింది. కాఫీ కప్పు పట్టుకుంటే ఆమె అరచేతుల్లో బొబ్బలు కనిపించాయి. కొన్ని చిట్లి ఎర్రగా ఉన్నాయి. బైంతా వాటినే చూస్తూ కూర్చుంది. ఆ నొప్పి తనదిగా ఉండాల్సింది.

"అక్కా, ఒక మాట అడగనా?" అంది తూరి. "నీ చోట్లో కూర్చుంటే ఎదురుగా నాన్న మొహమే. ఆయన కనుబొమ్మ ఎత్తితే చాలు, నా తెడ్డు తడబడిపోతుంది. ఇంట్లో అన్నం బల్ల దగ్గర తిట్టినట్టే ఉంటుంది. నువ్వెలా తట్టుకున్నావే?"

బైంతాకి జవాబు తెలుసు. ఆమె ఏనాడూ సామల్ మొహం చూడలేదు. మొదటి ఏడే ఆ కిటుకు పట్టుకుంది. అతని భుజం మీదుగా వెనక నీళ్లమీద పడవ గీసే చారకేసి చూస్తే, చార తిన్నగా ఉందో లేదో, తెడ్లు ఒక్కసారే పడుతున్నాయో లేదో అంతా అక్కడే తెలిసిపోతుంది. మాటల్ని మాత్రం చెవులకి వదిలెయ్యాలి. ఇదంతా నాలుక చివరిదాకా వచ్చింది.

"ఏముంది, అలవాటైపోతుంది," అంది బైంతా. "కొందరికి అలవాటవుతుంది, కొందరికి అవదు."

తూరి తల వంచుకుని కేకు తినేసి వెళ్లిపోయింది.

మొదటి పందెంలో రీతన్ అయిదో స్థానంలో వచ్చింది. రేడియోలో విన్న ఎల్స్‌పా "అయ్యో" అని స్టూలు మీద కూలబడింది. పక్కింటావిడ కంచె దగ్గరికొచ్చి, "బైంతా ఉంటేనా, ఇలా జరిగేది కాదు" అంది. బైంతాకి ఆపరేషన్ తర్వాత మొదటిసారి ఆకలి వేసింది. కేకు రెండు ముక్కలు తింది. రెండో పందెంలో కూడా అంతే. మొదట్లో బాగానే పోయి చివర్లో తెడ్లు చెల్లాచెదరయ్యాయట. ఆ రోజు ఫిజియోథెరపీలో బైంతా రబ్బరు బంతిని నాలుగు వేళ్లతో నొక్కింది. మంచి మార్పు అని వ్యాయామం చేయించే పిల్ల మెచ్చుకుంది. మార్పు ఎందువల్లో బైంతాకి తెలుసు, సిగ్గు కూడా వేసింది. ఆ సిగ్గు ఇల్లు చేరేదాకానే ఉంది.

ఓలాఫ్ పండగ దగ్గరికొచ్చాక సామల్ ఇంటికొచ్చాడు. టోపీ తీసి బల్ల మీద పెట్టాడు.

"తూరిని తీసేద్దామనుకుంటున్నానే."

బైంతా కప్పు దించింది. "అవునా?"

"దానివల్ల కావట్లేదు. నా కూతురని పట్టుకుని వేలాడితే పడవ మునుగుతుంది. పక్క దీవిలో సున్వా అని ఒక పిల్ల ఉంది, మనూళ్లో వాళ్ల పిన్ని దగ్గరికి వచ్చి ఉంటానంటోంది. నిన్న ఒకసారి కూర్చోబెట్టి చూశాను." అతని మొహం వెలిగింది. "ఏం తెడ్డే అది! నీళ్లు కోసినట్టు చప్పుడే లేదు. నిన్ను తక్కువ చెయ్యడం కాదుగానీ, ఆ చోట్లో అలాంటి తెడ్డు నేనెప్పుడూ చూడలేదు."

"నాకంటేనా?"

సామల్ నాలుక కరుచుకున్నాడు. "అలా అని కాదులే. నువ్వు వేరు."

అతను వెళ్లాక బైంతా గదిలో అటూ ఇటూ తిరిగింది. తూరి ఓడిపోవాలి, అంతవరకు సరే. తూరి అక్కడ కూర్చుని ఓడినంతకాలం అది బైంతా చోటే. ఎవరో సున్వా వచ్చి చప్పుడు లేకుండా తెడ్డు వేసి గెలిచేస్తే, బైంతా అని ఒకతె ఉండేదని కూడా ఎవరూ అనరు. మొహం తెలియని ఆ పిల్ల మీద పుట్టినంత అసూయ తూరి మీద కూడా పుట్టలేదు.

టోపీ నెత్తిన పెట్టుకుని గుమ్మం దాటింది.

"ఎక్కడికే? పడిపోతావ్!" అని ఎల్స్‌పా వెంటపడింది.

"పడవల షెడ్డుకి. కారు తియ్యి, లేకపోతే పాక్కుంటూ పోతాను."

షెడ్డు ముందు తూరి ఒంటరిగా కూర్చుని అరచేతులకి టేపు చుట్టుకుంటోంది. ఏడ్చినట్టుంది, ముక్కు ఎర్రగా ఉంది.

"మీ నాన్న మొహం చూడకు," అంది బైంతా ఊపిరి అందుకుంటూ. "ఆయన కుడిభుజం మీదుగా వెనక నీళ్లకేసి చూడు. పడవ గీసిన చార కనపడుతుంది. దాన్ని తిన్నగా ఉంచు. ఆయన అరిస్తే అరవనీ. ఆ అరుపులు మిగతా అయిదుగురికి, నీక్కాదు."

తూరి నోరు తెరుచుకుని చూసింది. "అంతేనా?"

"అంతే. ఇవాళ నువ్వే కూర్చుంటానని మీ నాన్నతో గట్టిగా చెప్పు. ఒక్క సాయంత్రం చూడమను."

సామల్ చూశాడు. సున్వా ఫెర్రీ ఎక్కి తన దీవికి వెళ్లిపోయింది.

ఓలాఫ్ పండగనాడు తోర్స్‌హవన్ రేవు గట్టు మీద ఇసకేస్తే రాలనంత జనం. అందరూ పండగ బట్టల్లో ఉన్నారు. బైంతా వెండి బొత్తాల జాకెట్టు తొడుక్కుని తల్లి చెయ్యి పట్టుకుని నిలబడింది. బొత్తాలు ఎల్స్‌పాయే పెట్టింది. రీతన్ మొదటినుంచీ ముందే ఉంది. ఆరు తెడ్లూ ఒక్కటై పడుతున్నాయి. తూరి కళ్లు తండ్రి భుజం మీదుగా దూరంగా నిలిచి ఉన్నాయి. బైంతాకి అదంతా కనపడింది, ఒక్కొక్క తెడ్డు వేటూ తన వీపులో తెలిసింది. ఓడిపోవాలి, ఓడిపోవాలి అని మనసులో అనుకుంటోంది. నోటితో మాత్రం "లాగవే తూరీ, లాగు!" అని అరుస్తోంది. రెండూ ఆమే.

రీతన్ గెలిచింది. ఊరంతా ఒకళ్లనొకళ్లు కౌగిలించుకున్నారు. బైంతాకి ఏడుపొచ్చింది. పక్కనున్నవాళ్లు అది ఆనందమనుకుని ఆమె వీపు తట్టారు. గట్టు దగ్గర రేడియో మనిషి మైకు పెడితే సామల్ బొంగురు గొంతుతో, "ఈ గెలుపు మా బైంతాది. చావు నోట్లోంచి తిరిగొచ్చిన మా పిల్లది" అన్నాడు. స్పీకర్లలో ఆ మాట రేవంతా వినపడింది. జనం ఆమెకేసి తిరిగి చప్పట్లు కొట్టారు. ఒక్క క్షణం బైంతాకి ఒళ్లంతా తియ్యగా అనిపించింది. అంతలో పడవలోంచి తూరి తనవైపు చూడడం కనిపించింది. గెలిచినవాళ్ల చూపు కాదది.

కాసేపయ్యాక పడవల వెనక, తాళ్ల కుప్ప మీద కూర్చున్న తూరిని బైంతా వెతికి పట్టుకుంది.

"సంతోషమేనా?" అంది తూరి తలెత్తకుండా. "నాన్న నా పేరు కూడా చెప్పలేదు."

"నేను చెప్పొద్దన్నానా?"

"నువ్వు చెప్పక్కర్లేదు, నువ్వుంటే చాలు. చిన్నప్పట్నించీ ఇంతే. బైంతాలా ఈదు, బైంతాలా కూర్చో, బైంతాని చూసి నేర్చుకో. నీకు తలలో కణితి అని తెలిసినప్పుడు నేనేమనుకున్నానో తెలుసా? ఇది కూడా దీనికే రావాలా, ఇంక జన్మంతా దీని గురించే మాట్లాడుకుంటారు అనుకున్నాను. అలా అనుకున్నందుకు చర్చిలో కూర్చుని ఏడ్చాను. పందెం గెలిచింది నేను. తెడ్డు వేసింది నేను. గెలిచింది మాత్రం నువ్వట!"

బైంతా పక్కన కూర్చుంది.

"మీరు మొదటి పందెం ఓడిపోయిన రోజు నేను రెండు ముక్కలు కేకు తిన్నాను. ఆనందంతో."

"తెలుసు."

"ఎలా తెలుసు?"

"పెద్దమ్మ చెప్పింది. 'ఆపరేషనయ్యాక ఇవాళే దానికి ఆకలేసింది' అని మురిసిపోతూ ఫోన్ చేసి మరీ చెప్పింది. నాకు లెక్క తెలీదా?" తూరి ముక్కు చీదింది. "ఆ నీళ్లకేసి చూసే కిటుకు నేనడిగిన రోజే నీకు తెలుసుగా?"

"తెలుసు."

"దొంగమొహమా. మరి తర్వాత ఎందుకు చెప్పావ్?"

"సున్వా నాకంటే బాగా వేస్తుందట. ఆ చోట్లో దాన్ని ఊహించుకోలేకపోయాను. నువ్వైతే పరవాలేదనుకున్నాను."

"అంటే నేను నీకంటే తక్కువదాన్నని నీ ధైర్యం."

"అవును."

తూరి తడిసిన మేజోడు ఊడదీసి బైంతా మొహాన కొట్టింది. ఉప్పునీళ్లు కళ్లల్లో పడ్డాయి. ఇన్ని నెలలుగా ఊళ్లో ఎవరూ ఆమె మీద గొంతు కూడా పెంచలేదు. గాజుబొమ్మని తుడిచినట్టు చూసుకున్నారు. బైంతా పగలబడి నవ్వింది. నవ్వితే గాటు దగ్గర చర్మం లాగి నొప్పి పుట్టింది, అయినా ఆపలేకపోయింది. తూరి కాసేపు మొహం ముడుచుకునే ఉండి, తర్వాత "లే, అందరూ నీకోసం వెతుకుతుంటారు, మహారాణీ" అంది.

"నీకోసం వెతకాలి. పద, మీ నాన్నని నిలదీద్దాం. రేడియో మనిషి ఇంకా అక్కడే ఉన్నాడేమో."

ఉన్నాడు. బైంతా మైకు లాక్కున్నంత పని చేసి, "తెడ్డు వేసింది తూరి. నేను గట్టు మీద నిలబడి కుళ్లుకున్నాను, అంతే" అంది. రేడియో మనిషి అది హాస్యమనుకుని నవ్వాడు. సామల్ నవ్వలేదు. వెళ్లి కూతురి భుజం మీద చెయ్యేసి నిలబడ్డాడు.

శీతాకాలంలో తీసిన స్కాన్‌లో మిగిలిన ముక్క పెరగలేదని తేలింది. కారు నడపొచ్చని కాగితం ఇచ్చారు. ఫ్యాక్టరీలో కత్తి పని ఇవ్వలేదు, పెట్టెలకి చీటీలు అంటించే పని ఇచ్చారు. ఎడమచెయ్యి చాలావరకు తిరిగొచ్చింది. చిటికెనవేలూ ఉంగరపు వేలూ మాత్రం ఇప్పటికీ మొద్దుగానే ఉంటాయి. మళ్లీ వసంతంలో సామల్ ఆమెని ఒకసారి రీతన్‌లో కూర్చోబెట్టి రేవు చుట్టూ తిప్పాడు. ఒడ్డుకొచ్చాక ఇద్దరూ ఒకళ్లనొకళ్లు చూసుకోలేదు. పందెం వేగానికి ఆ చెయ్యి నిలవదని ఇద్దరికీ తెలిసిపోయింది. ఆ రోజు బైంతా ఇంటికొచ్చి తలుపేసుకుని చాలాసేపు ఏడ్చింది.

తర్వాత ఊళ్లో పెద్దాడవాళ్ల పడవలో చేరింది. ఎల్స్‌పా, పక్కింటావిడ, ఇంకో ముగ్గురు. సరదాకి వేస్తారు, పందేల్లో ఎప్పుడూ చివరే వస్తారు, మధ్యలో ఆగి ఫ్లాస్కులో కాఫీ తాగుతారు. అందరికంటే చిన్నది బైంతాయే, అయినా కాసేపటికే ఆమెకి రొప్పు వస్తుంది. యాభై దాటిన తల్లి ముందు కూర్చుని హాయిగా లాగుతుంటే ఆ వీపు చూసి కూడా ఆమెకి కుళ్లు పుడుతుంది.

ఒకరోజు వాళ్ల పడవ పక్కనుంచి రీతన్ దూసుకుపోయింది. ఆ అలకి ఫ్లాస్కు బోర్లాపడి కాఫీ అంతా పోయింది.

"కళ్లు నెత్తికెక్కాయా తూరీ!" అని ఎల్స్‌పా అరిచింది.

"దారివ్వండి, ముసలమ్మలూ!" అని తూరి కేకేసింది. "అక్కా, నిన్ను కూడా కలిపే!"

బైంతా కుడిచేత్తో నీళ్లు ఎత్తి ఆమె మీదికి చల్లింది, అందలేదు. రీతన్ అప్పటికే మలుపు దగ్గరికి చేరింది. అది కనపడినంతసేపూ బైంతా తెడ్డు వెయ్యకుండా చూస్తూనే ఉంది. తర్వాత ఎల్స్‌పా వెనక్కి తిరక్కుండానే, "చూసింది చాల్లే, ఇంక లాగు" అంది.